సున్నపు రాయి నుంచి లెక్క

హమాలీల మేస్త్రి చెంచయ్య నోరు విప్పాడంటే ప్రత్తిపాడు రోడ్డు మీద పోయే లారీలు హారన్ కొట్టడం దండగ. ఆ రోజు పొద్దున్న ఎనిమిది కాకముందే విప్పాడు.

“ఒరేయ్ బాజీ! ఇక్కణ్ణుంచి రెండో వరస అంటావేందిరా? ఇక్కణ్ణుంచి అంటే ఎక్కణ్ణుంచి? నువ్వు నిలబడ్డ చోటు నాకెట్టా తెలుస్తది? రేపు ఇంకోడొచ్చి పడమటి తలుపు కాడ నిలబడి రెండో వరస లెక్కపెడితే ఆ రైతు టిక్కీలు ఎవడి లారీ ఎక్కాల?”

మిర్చి బస్తాను ఈ ప్రాంతంలో టిక్కీ అంటారు. బాజీ ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, నలభై కిలోల టిక్కీని తలగడ ఎత్తినట్టు ఎత్తుతాడు. అయినా చెంచయ్య ముందు నీళ్ళు నమలాల్సిందే. “తప్పయింది మేస్త్రీ. రాయి నుంచి రెండో బిల్డింగు, మూడో అంతస్తు, ఉత్తరం వైపు ఆరో వరస” అని మొదటినుంచి అప్పజెప్పాడు.

“అదీ మాటంటే,” అన్నాడు చెంచయ్య.

చీటీల గది కిటికీలోంచి ఇదంతా వింటూ మాధురి నవ్వుకుంది. ఆ మిర్చి కోల్డ్ స్టోరేజిలో ఆరేళ్ళుగా వింటున్న పాఠమే ఇది. రాయి అంటే దేవుడి రాయి కాదు. ఆరేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు కోల్డ్ స్టోరేజి గేటు తీసి కాలవ వైపు పెట్టారు. అప్పటిదాకా హమాలీలందరూ గేటు నుంచే లెక్కపెట్టేవాళ్ళు. గేటు మారేసరికి మొదటి బిల్డింగు మూడోదయింది, మూడోది మొదటిదయింది. పెదనందిపాడు రైతు ఒకాయన తేజ రకం టిక్కీలు మూడు రోజులు దొరకలేదు. చెంచయ్యకు తల కొట్టేసినట్టయింది. నాలుగో రోజున పిడుగురాళ్ల నుంచి సున్నపు రాయి ఒకటి తెప్పించి, పాత గేటు ఉన్న చోట పాతి, తెల్లగా సున్నం కొట్టి, జట్టు మొత్తాన్ని దాని చుట్టూ నిలబెట్టాడు. గేటు ఎటు పోయినా, మీరు ఏ తలుపున వచ్చినా, లెక్క మాత్రం ఇక్కణ్ణుంచే అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు అక్కడ ఒక్క టిక్కీ తప్పిపోలేదు. ఆ మాట చెప్పుకునేటప్పుడు చెంచయ్య ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. పెరగనివ్వండి, దానికి తగ్గ పని చేశాడు.

మాధురి ఛాతీ పెరిగే రోజు మాత్రం ఇంకా రాలేదు. చిలకలూరిపేటలో బీఎస్సీ కంప్యూటర్స్ ఫస్టు క్లాసులో పాసై, రైతులు తెచ్చిన సరుకు వివరాలు కంప్యూటర్లో కొట్టి చీటీ చేతిలో పెట్టే పనిలో కుదిరింది. ఏడాది చేసి మంచి ఉద్యోగం చూసుకుందామనుకున్న మనిషి, పెళ్ళి, పిల్ల, అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్ల మధ్య పదకొండేళ్ళు అక్కడే ఉండిపోయింది. ఆమెకు పేరున్న సంగతి కూడా ఆ ఆవరణలో సగం మందికి గుర్తులేదు. చెంచయ్య దగ్గర్నుంచి అందరికీ ఆమె చీటీలమ్మాయే.

ఆ చీటీలకు కూడా ఇవాళే ఆఖరు. రైతు తన ఫోన్లో లాటు నంబరు కొడితే సరుకు ఫోటో, అది ఏ బిల్డింగులో ఏ వరసలో ఉందో, అన్నీ కనిపించేలా ఒక వెబ్‌సైటు చేయించారు. బెజవాడ కంపెనీ నుంచి త్రినాథ్ అనే కుర్ర ఇంజినీరు వచ్చి మూడు నెలలు కూర్చుని రాశాడు. ఇవాళ పదకొండు ఇరవైకి ప్రారంభం. ఆవరణలో షామియానా వేశారు, పులిహోర కలుపుతున్నారు, రెండు వందల మంది రైతులు వస్తున్నారు. మేనేజరు రాధాకృష్ణమూర్తిగారు వారం కిందటే మాధురిని పిలిచి, మెత్తగానే చెప్పాడు. “రైతులే ఫోన్లో చూసుకుంటారు కదమ్మా, ఇంక చీటీల గది ఎందుకు? నువ్వు సోమవారం నుంచి రంగు పోయిన తాలుకాయలు ఏరే షెడ్డులో కూలీల హాజరు వేసుకో.”

మెత్తగా చెప్పినంత మాత్రాన గుచ్చుకోకుండా ఉంటుందా? వారం రోజులుగా మాధురికి అన్నం సహించడం లేదు. పైగా ఇవాళ పొద్దున్నే, షామియానాలో కుర్చీలు చాల్లేదని, ఆమె కుర్చీ కూడా పట్టుకుపోయారు. అది ఆమె సొంతానికి కొనుక్కున్నట్టే లెక్క, పదకొండేళ్ళలో ఇంకెవరూ కూర్చోలేదు. ఖాళీ గోనెల కట్ట ఒకటి లాక్కుని దానిమీద కూర్చుంది.

ఎనిమిదిన్నరకి మేనేజరు గదిలోంచి కేక వినిపించింది. “ఫోటోలేవి? ఫోటోలు ఏమైపోయాయి?”

మూర్తిగారి ఫోన్లో వెబ్‌సైటు తెరుచుకుంది. రైతు పేరుంది, లాటు నంబరుంది. ఫోటో ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు గడి, దాని మూల చిరిగిన కాగితం బొమ్మ. ఇంకో లాటు చూశాడు, అంతే. నిన్న సాయంత్రం త్రినాథ్ తన లాప్‌టాప్‌లో చూపించినప్పుడు ఎర్రగా నిగనిగలాడిన మిరపకాయలు ఇవాళ ఒక్కటీ లేవు. త్రినాథ్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. చెల్లెలి నిశ్చితార్థమని నిన్న రాత్రి రైలెక్కి బొబ్బిలి వెళ్ళాడు. కంపెనీకి చేస్తే, ఆ పని తెలిసినవాడు త్రినాథ్ ఒక్కడే, రేపు చూస్తామన్నారు.

కాటా దగ్గర బరువులు చూసే రిహానా పరిగెత్తుకుంటూ చీటీల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. “మాధురక్కా, విన్నావా? దేవుడున్నాడు. ఇది పనిచెయ్యకపోతే చీటీలు ఉంటాయి, చీటీలుంటే నీ కుర్చీ ఉంటుంది. నువ్వు మాత్రం నోరు మెదపకు. నీకు ఏమీ తెలియదు, సరేనా?”

రిహానా ప్రేమకొద్దీ చెప్పిన మాటే. అందులో అబద్ధం కూడా లేదు. మాధురి తల ఊపింది. ఊపి, అయిదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంది. అలా కూర్చోవడం ఆమె జీవితంలో చేసిన అతి కష్టమైన పని.

ఎందుకంటే ఆ ఫోటోలు ఆమెవి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చిన ప్రతి లాటు నుంచి గుప్పెడు కాయలు తీసి, తెల్ల గుడ్డ మీద పరిచి, పక్కన నంబరు చీటీ పెట్టి, కిటికీ వెలుతురులో తీసినవి. నాలుగు వేల నూట పన్నెండు. వేళ్ళు మండుతుంటే పెరుగులో ముంచుకుని మరీ తీసింది. అవన్నీ సైటులోకి ఎక్కించడానికే త్రినాథ్ ఆమెకు పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఇప్పుడు రెండు వందల మంది రైతులు ఫోన్లు తెరిచి ఫోటోలు లేవంటారు. ఫోటోలు లేవు! ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండింది. కుర్చీ పోతే పోనీ, చేసిన పని చెయ్యలేదనిపించుకోవడం మాత్రం ఆమె వల్ల కాదు.

“నీకో దండం రిహానా,” అని లేచి మేనేజరు గదిలోకి వెళ్ళింది. “నేను చూస్తాను సార్.”

మూర్తిగారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. “నువ్వా? ఇది చీటీలు కొట్టినంత తేలిక కాదమ్మా.”

“తెలుసు సార్. పాస్‌వర్డ్ నా దగ్గరుంది. మూడు నెలలు ఆ అబ్బాయి వెనక నిలబడి చూశాను.”

ఆయన గడియారం చూశాడు. ఇంకెవరైనా దొరుకుతారేమోనని గది నాలుగు మూలలా చూశాడు. ఎవరూ దొరకలేదు. “చూడు. ఉన్నది కూడా చెడగొట్టకు,” అన్నాడు. మన పెద్దవాళ్ళు ఆడపిల్లకు పని అప్పజెప్పేటప్పుడు ఇచ్చే ఆశీర్వాదం ఇలాగే ఉంటుంది.

చీటీల గదికి తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని మాధురి మొట్టమొదట చేసిన పని, సైటు మొత్తానికి ఇంకో కాపీ తీసి పక్కన పెట్టడం. రెండో పని, ఫోటోలు ఉన్నాయో లేదో చూడటం. ఉన్నాయి. ఫోటోల ఫోల్డర్లో నాలుగు వేల నూట పన్నెండూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అంటే సరుకు పదిలం, సరుకు దగ్గరికి దారే తప్పింది.

ఒక బూడిదరంగు గడి మీద మౌసు నొక్కి, ఫోటో కోసం ఆ పేజీ ఎక్కడికి వెళ్ళి వెతుకుతోందో చూసింది. సీ డ్రైవు, యూజర్స్, త్రినాథ్, డెస్క్‌టాప్, మిర్చి, ఫోటోస్. మాధురికి నవ్వొచ్చింది. పూర్తి చిరునామానే రాశాడు పాపం, అబ్సల్యూట్ పాత్ అంటారు దాన్ని. కాకపోతే అది త్రినాథ్ లాప్‌టాప్ చిరునామా. రైతు ఫోన్‌ని బొబ్బిలిలో ఉన్న త్రినాథ్ సంచీలో వెతకమన్నట్టు. అతని లాప్‌టాప్‌లో అన్నీ కనిపించాయంటే కనిపించవూ!

ఇంకో పేజీలో వేరే రకం. రెండు చుక్కలు, ఏటవాలు గీత, ఫోటోస్. ఉన్న చోటు నుంచి ఒక మెట్టు పైకెక్కి, అక్కడున్న ఫోటోల గదిలోకి వెళ్ళు అని దాని అర్థం. ఇది రిలేటివ్ పాత్. లాట్ల జాబితా పేజీ నుంచి ఒక మెట్టు ఎక్కితే సరిగ్గా ఫోటోల దగ్గరికే పోతుంది. అదే లైను ఇంకో ఫోల్డరు లోపల ఉన్న లాటు పేజీలో కూడా పెట్టాడు. అక్కణ్ణుంచి ఒక మెట్టెక్కితే ఎక్కడికీ పోదు. లైను అదే, నిలబడ్డ చోటు వేరు. ఇక్కణ్ణుంచి అంటే ఎక్కణ్ణుంచిరా అని చెంచయ్య కేక ఆమె చెవిలో మళ్ళీ మోగింది.

మూడో రకం చూసేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. అది గీతతోనే మొదలైంది, అంటే సైటు గుమ్మం నుంచి లెక్క. రాత తప్పు కాదు. త్రినాథ్ లాప్‌టాప్‌లో మిర్చి ఒక్కటే ఉంది కాబట్టి గుమ్మం దాటగానే ఫోటోలు. ఇంటర్నెట్‌లో మాత్రం కోల్డ్ స్టోరేజికి ముందునుంచే ఒక పాత సైటుంది, ఈ కొత్తదాన్ని తీసుకెళ్ళి దాని లోపల మిర్చి అనే ఫోల్డర్లో పెట్టారు. ఇప్పుడు గుమ్మం ఆ గుమ్మం కాదు. గేటు కాలవ వైపుకి మారింది, లెక్క మాత్రం పాత గేటు నుంచే నడుస్తోంది.

మాధురి కిటికీలోంచి బయటికి చూసింది. ఎండలో తెల్లగా మెరుస్తూ సున్నపు రాయి కనిపించింది. దాన్ని ఆమె పదకొండేళ్ళలో ఆరేళ్ళు రోజూ చూసింది, ఇవాళ చూసినట్టు ఎప్పుడూ చూడలేదు.

“దొరికావు,” అంది పైకే.

సైటు సెట్టింగులు ఉండే ఫైలు తెరిచి, అందులో ఒక్క లైను రాసింది. మిర్చి ఉన్న చోటు చిరునామా అది. దానికి ఒక పేరు పెట్టాలి కదా, ఇంగ్లీషు అక్షరాల్లో రాయి అని పెట్టింది. ఇంక ఏ పేజీ అయినా, ఎక్కడున్నదైనా, ఫోటో కోసం తన కాళ్ళ దగ్గర్నుంచి కాకుండా ఆ రాయి దగ్గర్నుంచే లెక్క మొదలుపెట్టాలి. రేపు కంపెనీవాళ్ళు మిర్చిని ఎత్తి ఇంకో చోట పెట్టినా ఆ ఒక్క లైను మారిస్తే చాలు.

మిగిలింది వెతకడం. ఫైళ్ళన్నిటిలో ఒకేసారి వెతికే సదుపాయం ఉంది. ఏం వెతకాలో తెలియడమే తెలివి. సీ పక్కన నిలువుగా రెండు చుక్కలు ఎక్కడున్నాయో వెతికింది, పందొమ్మిది. రెండు చుక్కల గీత, నలభై ఆరు. గీతతో మొదలైనవి, ముప్పై ఒకటి. పాత చీటీ వెనక మూడు గళ్ళు గీసి రాసుకుంది. అంతా కలిపి తొంభై ఆరు. గంట తొమ్మిదిన్నర.

ఇక్కడ మాధురి ఒక పొరపాటు చేసింది. చేసిందని చెప్పకపోతే కథ బాగుంటుంది గానీ, చేసింది. ఒక్కొక్కటీ చూసి మార్చే టైమెక్కడిదని, అన్నీ ఒకేసారి మార్చే మీట నొక్కేసింది. సైటు మొత్తం తెల్లకాగితం అయిపోయింది. పేర్లు లేవు, నంబర్లు లేవు, అసలేమీ లేదు. సరిగ్గా అప్పుడే మూర్తిగారు తలుపు తోసుకుని వచ్చాడు.

“ఏదమ్మా?” అన్నాడు ఆ తెల్ల తెర చూస్తూ. “ఉన్నది కూడా పోయిందా?”

మాధురి నోరు తడబడలేదు. “కాపీ తీసిపెట్టాను సార్. పావుగంట ఇవ్వండి.” ఆయన ఏదో గొణుక్కుంటూ వెళ్ళి, వినాయకుడి పటానికి దణ్ణం పెట్టుకోవడం ఆమెకు తలుపు సందులోంచి కనిపించింది.

కాపీ నుంచి పాతది మళ్ళీ పెట్టి, ఈసారి ఒక్కొక్క లైనూ చదివింది. తప్పు తెలిసింది. ఆ తొంభై ఆరులో అన్నీ ఫోటోల దారులు కావు. కొన్ని లోపలి దారులు, సర్వరు తనలో తాను ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలును పిలుచుకునేవి. అవి రైతు ఫోన్‌కి కనిపించవు, వాటికి ఈ రాయితో పనిలేదు. రైతు గేటు నుంచి ఆఫీసుకి వచ్చే దారి వేరు, హమాలీ లిఫ్టు పక్కన మెట్ల మీదుగా తిరిగే దారి వేరు. తను రెంటినీ కలిపేసింది. లోపలి దారులు ఇరవై రెండు తేలాయి, వాటిని ముట్టుకోలేదు. మిగిలిన డెబ్భై నాలుగూ ఒక్కొక్కటిగా మార్చింది, మార్చినదల్లా చీటీ మీద కొట్టేసింది. వేళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. ఆమెకు ఆకలి వేసింది, ఎన్నో ఏళ్ళ తర్వాత పని ఆకలి, వారం తర్వాత కడుపు ఆకలి. రిహానా అలిగి వెళ్ళినా, రెండు ఇడ్లీలు ఆకులో కట్టి పంపింది.

పదీ యాభైకి సైటు తెరిచింది. మిరపకాయలు! ఎర్రగా, తొడిమలతో సహా, తెల్ల గుడ్డ మీద. జాబితాలో ఉన్నాయి, లాటు పేజీలో ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మిరపకాయలు ఫోటోలో ఉన్నా. అన్ని రకాల పేజీలూ వరసగా చూస్తూ పోయింది. ఆఖరిది, రైతు సరుకు వెనక్కి తీసుకునేటప్పుడు వచ్చే పేజీ. అక్కడ మళ్ళీ బూడిదరంగు గడి.

చీటీ చూసింది. డెబ్భై నాలుగూ కొట్టేసి ఉన్నాయి. మళ్ళీ వెతికింది, సీ లేదు, చుక్కలు లేవు, గీత లేదు. చూస్తే తప్పు కనబడుతోంది, వెతికితే దొరకడం లేదు. పదకొండు అయింది. షామియానాలో మైకు టెస్టింగు మొదలైంది.

ఆ సమయానికి చెంచయ్య మంచినీళ్ళ కోసం గదిలోకి వచ్చాడు. గోనెల కట్ట మీద తల పట్టుకుని కూర్చున్న మాధురిని చూసి ఆగాడు. “ఏంది చీటీలమ్మాయ్, మొహం అట్టా పెట్టావు?”

అంత పెద్దమనిషికి కోడు గురించి ఏం చెప్పాలో తెలియక, తెలిసిన భాషలోనే అడిగింది. “బాబాయ్, ఒక టిక్కీ ఉండాల్సిన చోట లేదు. చీటీల్లో ఎంత వెతికినా దాని దారి రాసి లేదు. ఏం చేస్తావు?”

చెంచయ్య నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూశాడు. “చీటీలో లేనిదాన్ని చీటీలో ఎతికితే ఎట్టా దొరుకుద్ది? టిక్కీ తప్పుగా ఎక్కడ దిగిందో అక్కడికి పోతా. అక్కణ్ణుంచి ఎనక్కి నడుస్తా. దించినోడెవడు, వాడికి చెప్పినోడెవడు, వాడికి చెప్పినోడెవడు. ఎవడో ఒకడి కాడ దొరుకుద్ది.”

మాధురి అతని మాట పూర్తికాకముందే తెర వైపు తిరిగింది. బూడిదరంగు గడి ఎక్కడికి వెళ్ళి వెతుకుతోందో చూసింది. తప్పు చోటే, మిర్చి లోపల ఇంకో ఫోటోస్. ఆ చిరునామా ఇచ్చిందెవరు? పేజీ అడుగున ఉన్న చిన్న స్క్రిప్టు. దానికి చెప్పిందెవరు? ఇంకో ఫైలు. అక్కడ దొరికాడు దొంగ. ఫోటోస్ అనే మాట ఒక లైనులో విడిగా ఉంది, ఎనిమిది లైన్ల కింద లాటు నంబరు విడిగా ఉంది, మధ్యలో గీత ఇంకో చోటి నుంచి వచ్చి రెంటినీ అతికిస్తోంది. ముక్కలుగా ఉన్న దారి వెతికితే ఎలా దొరుకుతుంది? ముందు రాయి పెట్టి అతికించింది. డెబ్భై అయిదు.

పదకొండు ఇరవైకి మూర్తిగారు మైకు ముందు నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. బయటికి వచ్చి షామియానా గుంజ పక్కన నిలబడ్డ మాధురి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన నమ్మాడో, వేరే దారి లేదో, ముందు వరసలో కూర్చున్న కనకలక్ష్మిగారిని వేదిక మీదికి పిలిచాడు. ఆవిడ ఏటుకూరు వైపు ఆరెకరాలు మిర్చి వేసే రైతు, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మని మనిషి. తన ఫోన్లో తన లాటు నంబరు తనే కొట్టింది. చెంచయ్య కూడా నోరు మూసుకున్నాడు, అది వేరే అద్భుతం.

“ఇవి నా కాయలే!” అంది కనకలక్ష్మి మైకులో వినపడేలా. “నా చేలో కాయకి కొన ఇట్టాగే వంకర పోద్ది. నేను గుర్తుపట్టలేనా? రెండో బిల్డింగు, మూడో అంతస్తు, ఆరో వరస అని కూడా రాసుంది.” ఆవిడ ఫోన్ ఎత్తి జనానికి చూపించింది. రెండు వందల మంది రైతులు రెండు వందల ఫోన్లు తీశారు. నా కాయలు, నా కాయలు అన్న మాట వరస వెంట వరస పాకింది. చప్పట్లు మోగాయి.

మూర్తిగారు మైకు అందుకుని బెజవాడ కంపెనీకి కృతజ్ఞతలు చెప్పాడు. ఇంజినీరు త్రినాథ్ కోసం తెచ్చిన శాలువా, మనిషి లేడు గనక, కుర్చీకి కప్పాడు. ఆ కుర్చీ మాధురిదే. గుంజ పక్కన నిలబడి చూస్తున్న ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోటోలు కనిపించాయి, అది చాలు అనుకుంది. అనుకుంది గానీ చాలలేదు, అబద్ధం ఎందుకు.

ఒంటిగంటకి, పులిహోర విస్తళ్ళు ఎత్తుతుండగా త్రినాథ్ ఫోన్ వచ్చింది. మూర్తిగారు చేతికి నూనె అంటిందని స్పీకర్లో పెట్టాడు. చుట్టూ హమాలీలు, కాటా వాళ్ళు, రిహానా, అందరూ ఉన్నారు.

“సార్, నా కోడ్‌లో ఎవరు చెయ్యి పెట్టారు? డెబ్భై అయిదు చోట్ల మారింది!”

మూర్తిగారి ముఖం పాలిపోయింది. “అదీ బాబూ, ఏదో చిన్న… మా స్టాఫ్…” అని నసిగాడు.

మాధురి రెండడుగులు ముందుకు వేసింది. “నేనండి, మాధురిని. పందొమ్మిది చోట్ల మీ లాప్‌టాప్ చిరునామా ఉంది. కొన్ని చోట్ల పేజీ ఉన్న చోటు నుంచి లెక్క రాశారు, కొన్ని చోట్ల సైటు గుమ్మం నుంచి. లోపలి దారులు ఇరవై రెండు, వాటి జోలికి పోలేదు. పాతది కాపీ ఉంది, కావాలంటే పంపుతాను.”

అవతల నిశ్చితార్థం సన్నాయి వినిపించింది. “మేడం,” అన్నాడు త్రినాథ్, గొంతు మారిపోయింది. “నేను పొద్దున్నే ఫోన్ ఆన్ చేసి పనిలో దిగినా నాకు రెండు రోజులు పట్టేది. ఆ రాయి అంటే ఏంటి మేడం?”

“మా దగ్గర టిక్కీలు లెక్కపెట్టేది దాన్నుంచేనండి. చెంచయ్య మేస్త్రిగారు పాతారు. గేటు మారినా అది మారదు.”

“పేరు మార్చకండి మేడం, అలాగే ఉంచండి. సార్, వింటున్నారా? ఇకమీదట మేడంకి చెప్పకుండా ఈ సైటులో ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. నేనైనా సరే.”

ఫోన్ పెట్టేశాక మూర్తిగారు విస్తరి వైపు, మాధురి వైపు, మళ్ళీ విస్తరి వైపు చూశాడు. మంచివాడే, సిగ్గుపడటం తెలిసినవాడు. “పొద్దున్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. చీటీలు కొట్టినంత తేలిక కాదన్నాను చూడు, అది. షెడ్డుకి ఇంకెవరినైనా చూస్తాను. సైటు నువ్వే చూసుకో. ఒరేయ్ బాజీ, ఆ కుర్చీ పట్రా.”

బాజీ కదలబోతే చెంచయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. మేస్త్రి అయ్యాక పదేళ్ళుగా అతను ఏ బరువూ ఎత్తింది లేదు, ఎత్తించడమే. అలాంటివాడు వేదిక దగ్గరికి నడిచి, శాలువాతో సహా ఆ కుర్చీని భుజానికెత్తుకుని, ఆవరణ అడ్డంగా దాటాడు. సున్నపు రాయి దగ్గర ఆగి, అక్కణ్ణుంచి పైకే లెక్కపెడుతూ నడిచాడు. ఆ గొంతు ప్రత్తిపాడు రోడ్డు దాకా వినిపించింది.

“రాయి నుంచి ఒకటో బిల్డింగు! కింద అంతస్తు! కిటికీ పక్కన!”

కుర్చీ దించి, పైనున్న శాలువా విప్పి ఆమె భుజాల మీద వేసి, దుమ్ము తుడిచాడు.

“కూర్చో మేస్త్రమ్మా,” అన్నాడు.